మరమ్మతు అయింది కదా, ఇంకేం?

మొన్న మే నెలలో ఒక ఆదివారం ఉదయం మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. వాడు ఉండేది మిషిగన్ రాష్ట్రంలో. రెండేళ్ల కిందట ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. అక్కడ చలికాలంలో సరస్సులు గడ్డ కడతాయి కాబట్టి, చలి ముదరక ముందే పడవను ఒడ్డుకు చేర్చి, కప్పి ఉంచి, ఎండలు వచ్చాక మళ్లీ నీళ్లలోకి దించుతారట. మావాడు ఆ నాలుగైదు నెలలూ సెలవు రోజుల్లో దానికి రంగులు వేశాడు, తాళ్లు మార్చాడు. నాలుగు తెలుగు కుటుంబాలను పిలిచి ముహూర్తం కూడా పెట్టాడు.

తీరా ఆ రోజు బ్యాటరీ పని చేయలేదు. అది మారిస్తే, ఇంజనుకు చల్లనీళ్లు తోడే పంపులో రబ్బరు చక్రం బిరుసెక్కి పగిలిందని తేలింది. అదీ మార్చి దించితే అడుగున ఎక్కడో చెమ్మ! వచ్చినవాళ్లు ఒడ్డునే కూర్చుని పులిహోర తిని ఇళ్లకు వెళ్లిపోయారు.

"అన్నీ బాగు చేశాను మామా! ఇంకా ఎందుకిలా?" అని వాడి బాధ.

నాకు నవ్వు రాలేదు. పడవ విషయంలో ఒకప్పుడు నేను చేసిన పొరపాటు గుర్తుకొచ్చింది.

పొదటూరుపేటలో పుట్టినవాడికి పడవలతో ఏం పని అని మీరు అడగవచ్చు. నిజమే, మాది మగ్గాల ఊరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణితో పాటు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాం గాని, ఇళ్లలో మాట తెలుగే. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. 1997లో పులికాట్ సరస్సు దగ్గర ఒక శాఖలో అప్పులు చూసే ఆఫీసరుగా వేశారు. ప్రళయ కావేరి అని మన పెద్దలు పిలిచే సరస్సు అదే. లోతు తక్కువ. ఎండాకాలం వస్తే నీళ్లు వెనక్కి పోయి బురద నేల బయట పడుతుంది. చలిదేశాల్లో పడవకు విశ్రాంతి మంచు వల్ల అయితే, మన దగ్గర ఎండ వల్ల అన్నమాట.

ఒక పెద్దాయన తన కొయ్య పడవ మరమ్మతుకు అప్పు అడిగాడు. రెండు విడతలుగా మంజూరు చేశాం. మొదటిది పలకలకూ వడ్రంగి కూలికీ. రెండోది తెరచాప గుడ్డకూ తాళ్లకూ. మొదటి పని సరిగా అయిందని నేను చూసి రాస్తేనే రెండో విడత.

జూన్ మొదటి వారంలో తనిఖీకి వెళ్లాను. పడవ ఒడ్డున లేదు. మోకాలి లోతు నీళ్లలో అంచుల దాకా మునిగి ఉంది!

"ఏమయ్యా, బ్యాంకు డబ్బుతో బాగు చేయించింది ఇదేనా?" అన్నాను.

"ఊరాల సార్. నీళ్లు తాగి కొయ్య ఉబ్బితే సందులు అవే మూసుకుంటాయి. పది దినాలు పడుతుంది" అన్నాడాయన.

నేను నమ్మలేదు. అవి బ్యాంకుల్లో గడ్డు రోజులు. 1992-93 నుంచి కొత్త లెక్కలు వచ్చాయి. కంతులు రాని అప్పును మొండిబాకీ కింద చూపాలి, దాని మీద రాని వడ్డీని ఆదాయంగా రాయకూడదు. పైనుంచి రోజూ హెచ్చరికలే. "తనిఖీ నాటికి పడవ మునిగి ఉన్నది" అని ఫైలులో రాసి, రెండో విడత ఆపేశాను. రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే వచ్చిన చిక్కు.

మూడు వారాల తరువాత వేరే పని మీద అటు వెళితే ఆ పడవ కనిపించింది. కొత్త తెరచాపతో, చుక్క నీరు కారకుండా తేలుతోంది. డబ్బు ఎక్కడిదని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా తాడు ముడి వేస్తూ ఉండిపోయాడు. పక్కనున్న కుర్రవాడు చెప్పాడు, ఇంటావిడ కమ్మలు కుదువ పెట్టారని.

ఆ రోజే వడ్రంగిని కూర్చోబెట్టి సంగతి అడిగాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, పలకలు ఎంత? నెలల తరబడి ఎండలో ఉన్న కొయ్య కుంచించుకుపోయి, అతుకుల దగ్గర సందులు ఇస్తుంది. ఆ సందుల్లో పీచు కూరేటప్పుడు కొంచెం వదులు ఉంచాలట. నీళ్లు రాకూడదని బిగించి కూరితే, తరువాత కొయ్య ఉబ్బినప్పుడు చోటు చాలక పలకలే తోసుకొస్తాయి. అంటే మొదట్లో నీళ్లు రావడం పని చెడిందనడానికి గుర్తు కాదు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇది నాకు తెలియని సంగతి కాదు. మా ఇంట్లో ఉన్నది గుంట మగ్గం. కార్తీకంలో వానలు పట్టుకుంటే గుంటలో ఊట వచ్చేది, పని ఆగేది. వాన వెలిసి, గుంట ఆరి, నాన్న మగ్గం సరిచేసుకున్నాక కూడా గుడ్డ వెంటనే దిగేది కాదు. చెమ్మకు పడుగులో గంజి పట్టు తప్పి, నాడె నాలుగు సార్లు ఆడేసరికి పోగు తెగేది. తెగిన పోగునల్లా అతకాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి మూర గుడ్డ. "మగ్గం బాగైంది కదా, ఇంకా చీర ఏదీ?" అని షావుకారు మనిషి గుమ్మంలో నిలబడేవాడు. ఆ వారంలోనే అమ్మ ఇత్తడి బిందె అంగడికి వెళ్లేది. అప్పుడు ఆ మనిషి మీద నాకు ఎంత కోపమో! ఇరవై ఏళ్ల తరువాత అదే మాట నా నోటి నుంచి వచ్చింది.

మర్నాడే మేనేజరుగారితో మాట్లాడి రెండో విడత ఇప్పించాను. ఆ తరువాత పడవలకైనా మగ్గాలకైనా అప్పు కాగితం రాసినప్పుడల్లా, పని పూర్తయిన రోజు ఒకటి, సంపాదన మొదలయ్యే రోజు ఒకటి విడిగా వేసి, మొదటి కంతు రెండోదాని తరువాతే పెట్టాను. 2004 మార్చి నుంచి 90 రోజులు దాటితే మొండిబాకీయే. కాబట్టి ఆ వెసులుబాటు మొదట్లోనే కాగితంలో ఉండాలి. మీలో ఎవరైనా యంత్రానికో దుకాణానికో అప్పు తీసుకుంటుంటే ఇది అడిగి రాయించుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మేనల్లుడికి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాను. "నీది ఫైబరు పడవరా, ఊరితే ఉబ్బదు. చెమ్మ వస్తే బయటికి తీసి కారణం చూడాల్సిందే. కాకపోతే వచ్చే ఏడు, పడవ దించే రోజుకూ జనాన్ని పిలిచే రోజుకూ మధ్య రెండు వారాలు వదులు."

"అలాగే మామా" అన్నాడు. కాసేపాగి, "ఆ పెద్దాయన కమ్మలు విడిపించాడా?" అని అడిగాడు.

నాకు తెలియదు. అడగాలని రెండుసార్లు ఆ ఒడ్డు దాకా వెళ్లి, అడగలేక తిరిగి వచ్చాను. అంతలో బదిలీ అయింది.