'హత్యాయత్నం' అనే సమాసంపై ఒక అభ్యంతరం



మొన్న నా పూర్వ విద్యార్థి ఒకడు "మాస్టారూ, తప్పక చూడండి" అంటూ ఒక లంకె పంపించాడు. విశ్రాంత పోలీసు అధికారి ఒకరు జూబ్లీహిల్స్ కారుబాంబు కేసును గురించి తన జ్ఞాపకాలను చెప్పుకొస్తున్న ముఖాముఖి అది. ఓపికగా చివరి దాకా చూశాను. బాంబు పెట్టినవారి తెగువ, తప్పించుకొన్నవారి అదృష్టం, పట్టుకొన్నవారి చాకచక్యం మూడింటినీ ముచ్చటగా వర్ణించారు. ఆ బాంబుకు బలియైనవారి ఊసు ఒక్కసారే వచ్చింది. అదీ అంకెగా! ఆ బాధతోనే ఈ టపా.

తెలియని పిన్నల కోసం క్లుప్తంగా చెబుతాను. 1997 నవంబరు 19న ఫిలింనగర్‌లోని రామానాయుడు స్టూడియోలో 'శ్రీరాములయ్య' చిత్రానికి ముహూర్తం జరిగింది. పరిటాల శ్రీరాములు జీవితం ఆధారంగా ఎన్.శంకర్ దర్శకత్వంలో మోహన్‌బాబు కథానాయకుడుగా తీసిన చిత్రమది. శ్రీరాములు కుమారుడు, నాటి పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవి ఆ వేడుకకు వచ్చి తిరిగి వెళుతుండగా, దారిపక్కన నిలిపిన కారులోని బాంబును రిమోట్‌తో పేల్చారు. రవి గాయాలతో బయటపడ్డారు. 26 మంది మరణించారు. ముహూర్తం వార్త కోసం వచ్చిన ఈటీవీ సిబ్బంది కూడా వారిలో ఉన్నారు. ఈ కేసులో మద్దెలచెరువు సూరికి యావజ్జీవ శిక్ష పడింది. తరువాత 2005 జనవరి 24న అనంతపురంలో రవి, 2011 జనవరి 3న హైదరాబాదులో సూరి హతులయ్యారు. వీరిద్దరి పగ 2010లో 'రక్తచరిత్ర' పేరిట రెండు భాగాల సినిమా కూడా అయింది.

ఇంత జరిగినా ఈ ఘటనను మనం నేటికీ ఏమని పిలుస్తున్నాం? 'పరిటాల రవిపై హత్యాయత్నం' అని. హత్య కొఱకు యత్నము, చతుర్థీ తత్పురుష సమాసం. వ్యాకరణరీత్యా ఏ దోషమూ లేదు. కాని 26 శవాలు లేచిన చోట ఇంకా 'యత్నం' ఏమిటి? గురిపెట్టిన మనిషి బ్రతికాడు కనుక అది యత్నం మాత్రమేనట! మరి ఆ 26 మందీ ఎవరి లెక్కలోకి వస్తారు? వారు ఏ ముఠాకూ శత్రువులు కారే!

ఈ నేరంలో నాకూ భాగముంది, దాచను. ఆ ఘటన మరునాడు మా బడి ప్రార్థన సమావేశంలో వార్తలు చదివించి, తరువాత తొమ్మిదవ తరగతిలో ఆ మాటనే నల్లబల్లపై వ్రాసి విగ్రహవాక్యం చెప్పాను. వెనుక బల్ల పిల్లవాడొకడు లేచి, "ఇంతమంది చచ్చిపోయారు కదండీ, మరి యత్నం అంటారేం?" అన్నాడు. "పాఠం వినరా, అధికప్రసంగం వద్దు" అని కూర్చోబెట్టాను. ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పినవాడిని. నేను మూసివేసిన నోళ్ళలో నేటికీ నన్ను వేధించేది అదొక్కటే.

ఆ పిల్లవాడిది అధికప్రసంగం కాదు, న్యాయశాస్త్రం. ఆనాడు అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 301వ సెక్షన్ సారాంశం అదే. ఒకరిని చంపదలచి మరొకరిని చంపినా నేరం తగ్గదు. అనుకొన్నవాడిని చంపితే ఏ నేరమో ఇదీ ఆ నేరమే. చట్టానికి తెలిసిన సంగతి మన భాషకు తెలియకపోవడం సిగ్గుచేటు కాదా?

"దర్యాప్తు కథలో నేరస్థుడే ముఖ్యుడు, మృతులను గురించి చెప్పడానికి ఏముంటుంది?" అని కొందరు అనవచ్చు. అయ్యా, శవపంచనామా చేయకుండా హత్య కేసు ముందుకు సాగుతుందా? చనిపోయినవారి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఒంటి మీది గాయాలు, ఇవన్నీ అందులో వ్రాసుకొన్నది పోలీసులే కదా! చేతులారా వ్రాసిన పేర్లు జ్ఞాపకాలు చెప్పే వేళకు ఎట్లా జారిపోతాయి?

ఇది ఒక్క జూబ్లీహిల్స్‌కు పట్టిన జాడ్యం కాదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు మరణించిన ఫొటోగ్రాఫర్ హరిబాబు పేరు ఆ దర్యాప్తు కథలన్నింటిలోనూ వస్తుంది. అతని కెమెరా సాక్ష్యమైంది కనుక. అదే పేలుడులో విధి నిర్వహణలో ఉన్న పోలీసులూ ప్రాణాలు విడిచారు. వారిలో ఒక్కరి పేరైనా మనలో ఎందరికి తెలుసు?

అధికారుల జ్ఞాపకాలు వద్దని నేననడం లేదు. అవి చరిత్రకు కావాలి. పేలుడు జరిగిన చోట ఏమేమి ఏరారో, ఏ ఆధారం ఎవరి దాకా తీసుకుపోయిందో వారు చెప్పకపోతే మరెవరు చెబుతారు? అయితే పగబట్టిన ఇద్దరినీ నాయకులుగా నిలబెట్టే పని సినిమాకు వదలివేయండి. దానికి టిక్కెట్టు కొనేవారున్నారు. మీరు నోరు తెరచినపుడు తొలి వాక్యం ఆ 26 మందితో మొదలుపెట్టండి. వారి కుటుంబాలు అనుమతిస్తే పేర్లతోనే మొదలుపెట్టండి.

మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈ ఘటనను గురించి ఇకపై వ్రాసేటప్పుడు 'హత్యాయత్నం' అనకండి, '26 మంది హత్య' అనండి. ఆనాటి వెనుక బల్ల పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఈ టపా అతని కంటబడితే చదువుకోవాలని నా ఆశ. నాయనా, ఆనాడు నీవు అడిగిందే ఒప్పు, నేను చెప్పిందే తప్పు.

మీ అభిప్రాయాలను వ్యాఖ్యలలో తెలుపగలరు.