ఇది రుచి చూసి తేల్చే పులుసు కాదు

"నీళ్ళు బాగానే ఉన్నాయిగా, ఫిల్టరు ఇప్పుడే ఎందుకు మార్చడం?" మావారి మాట ఇది. మీ ఇంట్లోనూ ఇంతే కదూ?

రుచి చూసి చెప్పడానికి ఇదేమన్నా పులుసా! నాన్‌స్టిక్ పెనాలకీ, మరకలంటని బట్టలకీ వాడిన పీఫాస్ రసాయనాలు నీళ్ళల్లో ఉన్నా నాలుకకి తెలియవు. కాచినా పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసే యాక్టివేటెడ్ కార్బన్ తన సన్నటి రంధ్రాల్లో వాటిని పట్టుకుంటుంది. పట్టుకుంటుందంతే, నాశనం చెయ్యదు. రంధ్రాలు నిండాయా, అవి తిన్నగా గ్లాసులోకే. మనం పారేసిన పాత ఫిల్టరు డంపింగ్ యార్డుకి, అందులోని విషం మళ్ళీ మట్టిలోకి.

2024లో అమెరికా తాగునీటిలో ఈ జాతివే రెండింటికి లీటరుకి 4 నానోగ్రాముల చొప్పున హద్దు పెట్టింది. అంత కొంచెం కూడా ప్రమాదమేనన్నమాట!

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. లాభం తిన్నది తయారుచేసినవాళ్ళు. ఫిల్టరు కొనేది, తేదీ గుర్తుపెట్టుకునేది మనం. పైగా ప్రకటనల్లో మంచి తల్లంటే ఫిల్టరు కొనే తల్లే. మరి కొనలేని తల్లి పిల్లలో? కార్బన్ పెట్టాల్సింది ముందు ఫ్యాక్టరీ కాలవకి, ఆ తర్వాత ఊరి నీళ్ళ ట్యాంకుకి. ఖర్చు వాళ్ళది. అడుగుదాం.

అన్నట్టు, మా ఫిల్టరు నిన్ననే మార్పించాను. తేదీ ఫ్రిజ్ మీద అంటించాను, మావారికి కనబడేలా.