పరుగెత్తని గుర్రం మీద కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాలి

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి విజ్ఞప్తి



ఏటా మార్చిలో చెల్టెన్‌హామ్‌లో నాలుగు రోజులు గుర్రప్పందేలు జరుగుతాయి. వాటి మీద డబ్బు కట్టించుకోవడం మాత్రం నెలల ముందే మొదలవుతుంది. ఈ ఏటి రేసు ముగియగానే వచ్చే ఏటి రేసుకు ఏ గుర్రం ధర ఎంతో బుకీలు పలకడం మొదలుపెడతారు. ఇలా ముందుగా కాసే పందేన్ని ఇక్కడ యాంటీ-పోస్ట్ అంటారు. మనవాళ్ళు చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న ఊళ్ళలో బజారు వీధికి వెళ్తే బెట్టింగ్ షాపు కనిపిస్తుంది. షాపు గడప తొక్కనివారికి ఫోనులో యాప్ ఉంది. కాబట్టి ఈ పందేల షరతులు మనకు పట్టని వ్యవహారం కాదు.

ముందుగా కాయడంలో లాభం లేదని నేను అనను. డిసెంబరులో 20/1 పలికిన గుర్రం, అంటే పౌండుకు ఇరవై పౌండ్ల లాభం ఇచ్చే గుర్రం, మధ్యలో రెండు రేసులు గెలిచిందంటే మార్చి నాటికి 6/1కి దిగిపోవచ్చు. అది గెలిస్తే డిసెంబరులో పది పౌండ్లు కట్టినవారికి 200 పౌండ్ల లాభం, మార్చిలో కట్టినవారికి 60. గుర్రాన్ని మొదటి నుంచి గమనించి, ట్రైనర్ దాన్ని ఏ రేసుకు తయారుచేస్తున్నాడో అంచనా వేయగలిగినవారికి ఈ తేడా న్యాయంగా దక్కే ఫలమే. మరో మేలు కూడా ఉంది. రేసు దగ్గరపడ్డాక, దిగే గుర్రాల చివరి జాబితా ఖరారయ్యాక ఒక గుర్రం తప్పుకుంటే, అప్పటికే మిగతా గుర్రాల మీద కాసి గెలిచినవారి లాభంలో బుకీ కొంత కోత పెడతాడు. రూల్ 4 అనే ఈ కోత పౌండుకు 90 పెన్నీల దాకా వెళ్ళగలదు. యాంటీ-పోస్ట్ పందేనికి ఆ కోత వర్తించదు.

అన్యాయం మరోచోట ఉంది. చివరి జాబితా ఖరారయ్యాక కాసిన పందెంలో గుర్రం తప్పుకుంటే కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. మలక్‌పేట రేసులు చూసినవారికి ఇది తెలిసిందే. యాంటీ-పోస్ట్‌లో అలా రాదు. గుర్రానికి కాలు బెణికినా, దగ్గు పట్టినా, యజమాని మనసు మార్చుకున్నా, అసలు ఆ రేసుకు పేరే ఇవ్వకపోయినా మన డబ్బు పోయినట్టే. రేసు మొత్తం రద్దయితే మాత్రం తిరిగి ఇస్తారు. 2020లో కోవిడ్ వల్ల గ్రాండ్ నేషనల్ రేసు ఆగిపోయినప్పుడు ఇచ్చారు. గుర్రం ఒక్కటే ఆగిపోతే ఇవ్వరు.

కాన్‌స్టిట్యూషన్ హిల్ సంగతి చూడండి. చెల్టెన్‌హామ్‌లో జరిగే ఛాంపియన్ హర్డిల్ రేసును 2023లో సునాయాసంగా గెలిచిన గుర్రం. 2024లోనూ దానికి ఎదురు లేదన్నారు. ధర అడుగంటినా జనం కాస్తూనే పోయారు. ఫిబ్రవరి చివర కెంప్టన్ రేసు మైదానంలో సాధన చేయిస్తే తేలిపోయింది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్ అని బయటపడింది. మార్చి మొదట్లో ట్రైనర్ నికీ హెండర్సన్ దాన్ని రేసు నుంచి తప్పించారు. గుర్రం క్షేమం చూసుకోవడం ఆయన ధర్మం, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ వాపసు షరతు లేకుండా కాసినవారి డబ్బు రేసు జరగకముందే బుకీ సొంతమైంది.

జబ్బు కూడా అక్కరలేదు. 2025లో లాసీమౌత్ అనే ఆడగుర్రం ఛాంపియన్ హర్డిల్‌లో దిగుతుందా, ఆడగుర్రాలకే పెట్టిన మేర్స్ హర్డిల్‌లో దిగుతుందా అన్నది చివరిదాకా తేలలేదు. ట్రైనర్ విల్లీ మలిన్స్ మేర్స్ హర్డిల్‌కే పంపారు. అక్కడ అది గెలిచింది. అదే రోజు జరిగిన ఛాంపియన్ హర్డిల్‌కు దాని మీద వాపసు షరతు లేకుండా కాసినవారు మాత్రం ఓడినవారి లెక్కలోకి వెళ్ళారు. వారు గుర్రం సత్తాను సరిగ్గానే పోల్చుకున్నారు. ఓడించింది పేర్ల పట్టిక.

బుకీల జవాబు నాకు తెలుసు: ‘ఆ ప్రమాదం ఉంది కాబట్టే ముందు ధర ఎక్కువ ఇస్తున్నాం.’ మాట సబబుగానే ఉంది. అయితే ఆ ప్రమాదానికి ఎంత కట్టారో చూపించమనండి. ఒక లెక్క వేద్దాం. 20/1 ధరకు పది పౌండ్ల చొప్పున 42 పందేలు కాశామనుకోండి. మూడింట ఒక వంతు, అంటే 14 గుర్రాలు రేసు దాకా రాలేదు. పరుగెత్తిన 28లో రెండు గెలిచాయి. మనం పెట్టినది 420, తిరిగి వచ్చినది 420. పరుగెత్తనివాటి డబ్బు వాపసు ఇచ్చే పద్ధతిలో ఇదే ఫలితం రావడానికి 13/1 ధర చాలు. అంటే పెద్ద అక్షరాల్లో కనిపించే ఆ ఇరవై, ఇలాంటి చోట నిజానికి పదమూడే. అనుభవమున్నవారు దీన్ని మనసులోనే లెక్కగట్టుకుంటారు. కొత్తగా వచ్చిన కుర్రవాడికి ఇరవై ఒక్కటే కనిపిస్తుంది.

ఆ కుర్రవాడి గురించే నా బెంగ. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారిలో చాలామందికి చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేసే వీలు లేదు. చేతిలో డబ్బు అయిపోతే ప్రభుత్వ భృతి అడిగే హక్కు లేదు. ఇంటి దగ్గర పొలమో, బంగారమో తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులు ఉంటారు. పందెం వద్దని వాడికి చెప్పాల్సిందే. ఎలాగూ కాస్తానంటే, ఏ షరతు మీద కాస్తున్నాడో వాడికి స్పష్టంగా కనపడాలి.

అందుకే బుకీలు యాంటీ-పోస్ట్ పందెం పెట్టినప్పుడల్లా రెండు ధరలు పక్కపక్కనే చూపాలని అడుగుదాం. ఒకటి, గుర్రం పరుగెత్తకపోతే డబ్బు వాపసు ఇచ్చే ధర. రెండోది, ఇవ్వని ధర. ఏది కావాలో కాసేవారే ఎంచుకుంటారు. రెండోది ఎంచుకుంటే, డబ్బు కట్టే మీట మీదే ‘గుర్రం దిగకపోతే మీ డబ్బు రాదు’ అని ఉండాలి, ఎక్కడో నిబంధనల అడుగున కాదు. ఇక ఆ రేసుకు పేరే ఇవ్వని గుర్రం మీద తీసుకున్న డబ్బును ఏ ధరకు తీసుకున్నా తిరిగి ఇచ్చేయాలి. ఇది చేయలేనిదేమీ కాదు. చెల్టెన్‌హామ్ దగ్గరపడ్డాక చాలామంది బుకీలు తమంతట తామే వాపసు పద్ధతి ప్రకటిస్తున్నారు. మార్చిలో చేతనైనది డిసెంబరులో ఎందుకు చేతకాదు? ధర తగ్గించుకోమనండి, ఒప్పుకుందాం.

ఇలా అడిగే వీలు ఇప్పుడు ఉంది. 1845 నాటి చట్టం పందెం బాకీలను కోర్టు గుమ్మం తొక్కనివ్వలేదు. 2005 గ్యాంబ్లింగ్ చట్టం ఆ పాత పద్ధతిని తీసేసి, 2007 సెప్టెంబరు నుంచి పందేన్ని చట్టం గుర్తించే ఒప్పందంగా మార్చింది. ఒప్పందం అన్నాక అందులోని షరతులు న్యాయంగా ఉండాలని అడగవచ్చు. అడగాల్సింది లైసెన్సులిచ్చే గ్యాంబ్లింగ్ కమిషన్‌ను, మన నియోజకవర్గం ఎంపీని.

‘మేము ఇక్కడి పౌరులం కాదు కదా’ అనకండి. కామన్‌వెల్త్ దేశస్థులు కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తున్న భారత పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కుంది. పేరు నమోదు కాకపోతే ముందు నమోదు చేసుకోండి. తర్వాత మీ ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాయండి. పైన చెప్పిన మూడు కోరికలూ అందులో పెట్టండి. మీకే ఇలా డబ్బు పోయి ఉంటే ఏ రేసు, ఏ తేదీన కాశారు, తెర మీద ఏ షరతు కనిపించింది, ఏది కనిపించలేదు అన్నది రాసి, స్క్రీన్‌షాట్ ఉంటే జతచేయండి. నిబంధన మారేదాకా వాపసు ఇస్తామని రాతపూర్వకంగా ఉన్నచోట తప్ప యాంటీ-పోస్ట్ జోలికి వెళ్ళకండి. ఈ కరపత్రాన్ని మీ ఇంట్లో అద్దెకుంటున్న విద్యార్థులకు కూడా ఇవ్వండి.