కానుకకు లెక్క ఉంటేనే మాధ్యమ సేవకు బలం

కొండాపూర్: చర్చిలో ఆదివారం కానుకగా వేసిన పది రూపాయలు ఎక్కడికి చేరతాయి? గుడి మరమ్మతుకా, గురువుల పోషణకా, పేదల సాయానికా? ఈ వరుసలో రేడియో, టీవీ సాధారణంగా గుర్తుకు రావు. అయితే తెలుగు కాథలిక్కుల ప్రసార మాధ్యమాలు ఇకమీదట ఆ చిన్న నోటును నమ్ముకోక తప్పని పరిస్థితి ఏర్పడింది. హైదరాబాద్ అగ్రపీఠం పరిధిలోకి వచ్చే కొండాపూర్, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికీ ఇది వర్తిస్తుంది. ఒక గురువు ఆధ్వర్యంలోని చర్చి పరిధిని కాథలిక్కులు 'విచారణ' అంటారు. మాధ్యమ సేవ భారం క్రమంగా ఈ విచారణల మీదికే వస్తోంది.

ఆరు దశాబ్దాల నాటి పిలుపు

ఈ సేవకు విరాళం కోరడం కొత్త కాదు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రసార సాధనాలపై 'ఇంతెర్ మిరిఫిక' అనే పత్రాన్ని వెలువరించింది. ఖర్చు ఎంత పెద్దదైనా ఆ కారణంగా సందేశం ఆగిపోరాదని, ఏటా ఒక రోజున విశ్వాసులు ఈ సేవ కోసం ప్రార్థించి విరాళమివ్వాలని అందులో కోరారు. తొలి ప్రపంచ సామాజిక ప్రసార దినం 1967 మే 7న జరిగింది. 2025 జూన్ 1న జరిగినది 59వది.

తెలుగునాట ఈ కృషికి సికింద్రాబాద్‌లోని అమృతవాణి కేంద్రంగా నిలిచింది. 1969లో మనీలాలో ప్రారంభమైన రేడియో వెరితాస్ ఆసియా తెలుగు కార్యక్రమాలు ఇక్కడే రూపుదిద్దుకున్నాయి. ఆ రేడియో 2018 జూన్ 30తో షార్ట్‌వేవ్ ప్రసారాలు నిలిపివేసి ఇంటర్నెట్‌కు మారింది. దివ్యవాణి టీవీ కూడా తెలుగు విశ్వాసులకు అందుబాటులోకి వచ్చింది. మాధ్యమం మారినా ఖర్చు తగ్గలేదు. కెమెరాలు, ఎడిటింగ్, ప్రసార రుసుములు, సిబ్బంది జీతాలు నెలనెలా భరించాల్సినవే.

విదేశీ నిధులకు హద్దులు

ఒకప్పుడు ఇటువంటి లోటును విదేశీ సాయంతో పూడ్చుకునే వీలుండేది. ఇప్పుడు ఆ దారి ఇరుకైంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు ప్రసారం చేసే సంస్థలు విదేశీ నిధులు స్వీకరించరాదు. 2020లో చేసిన సవరణతో, ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం కూడా నిషిద్ధమైంది. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. కేవలం భక్తి కార్యక్రమాలతో సరిపెట్టుకోకుండా ప్రజల సమస్యలపై నోరు విప్పదలచిన మాధ్యమానికి స్థానిక విరాళమే శరణ్యం.

న్యాయమైన సందేహం

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కాంట్రాక్టు కూలీపై బతికే కార్మికుడి కానుక సికింద్రాబాద్ స్టూడియోకు పోవడం సబబేనా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఊరి ప్రార్థనాలయం పైకప్పు కారుతుంటే కెమెరా కొనడమెందుకని అడిగేవారిని తప్పుపట్టలేం. 'ఇవ్వండి' అన్న ఒక్క మాట ఈ ప్రశ్నకు జవాబు కాదు.

జవాబు శ్రీసభ చట్టంలోనే ఉంది. 1983 నాటి ఆ చట్టంలోని 1267వ నిబంధన ప్రకారం ఒక నిర్దిష్ట ప్రయోజనానికి ఇచ్చిన కానుకను దానికే వినియోగించాలి. విశ్వాసులు సమర్పించిన సొమ్ముకు వారికి లెక్క చెప్పాలని 1287వ నిబంధన నిర్దేశిస్తోంది. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలని 537వ నిబంధన పేర్కొంటోంది. ఆ ఆదివారం ఎంత వసూలైంది, ఎంత పంపారు, దానితో ఏం తయారైందన్నది చర్చి నోటీసు బోర్డుపై ఒక కాగితం అంటిస్తే సగం అనుమానాలు తీరతాయి. బుల్లితెరపై ఖాతా నంబరు చూపి విరాళం కోరే ప్రసంగాలకూ, విచారణ కానుకకూ ఉండవలసిన తేడా అదే.

ఇక్కడి గొంతూ వినిపించాలి

లెక్కతో పాటు ప్రతిఫలమూ కనిపించాలి. ఈ ప్రాంతపు పరిశ్రమల్లో ఆదివారం కూడా షిఫ్టులు నడుస్తాయి. దివ్యబలిపూజకు రాలేని కార్మికుడికి ఫోనులో వినిపించే వాక్యోపదేశం నిజంగా ఉపయోగపడుతుంది. జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చిన వలస కార్మికులకు తెలుగు ప్రసంగం అందదు. వారి భాషలో పది నిమిషాల కార్యక్రమమైనా ఉండాలి. కార్మిక భద్రత, వేతనాలు, కాలుష్యం వంటి విషయాలు ఆ కార్యక్రమాల్లో చోటు చేసుకోకపోతే ఈ ప్రాంతం దాన్ని తనదిగా భావించదు.

అమెరికాలో కాథలిక్ ప్రసార సేవకు జరిగే ప్రత్యేక సేకరణలో సగం మొత్తం స్థానిక మేత్రాసనంలోనే ఉంటుంది. అటువంటి ఏర్పాటు ఇక్కడా పరిశీలించదగినదే. సామాన్యుల గొంతుకు ఖరీదైన స్టూడియో అక్కర్లేదని చెప్పే ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో ప్రసారాలు ప్రారంభించింది. అది మత సంస్థ కాదు. అయినా వినేవారే మాట్లాడేవారైతే మాధ్యమం వారి సొంతమవుతుందన్న పాఠం చర్చికీ పనికొస్తుంది.

కానుక పెంచమని కోరే ముందు అగ్రపీఠం, విచారణల ఆర్థిక మండళ్లు కలిసి రెండు విషయాలు తేల్చాలి. వసూలైన దానిలో ఎంత భాగం స్థానికంగా ఉంటుంది? లెక్క ఏ తేదీకల్లా విశ్వాసుల ముందుంచుతారు? ఈ రెండూ ముందుగా చెప్పగలిగితే పది రూపాయలు ఇచ్చే చేయి వెనుకాడదు.