ఒక్కరి పడవలో ఇద్దరా?

వ్యాకరణం మీదనో, శతక వాఙ్మయం మీదనో ఏదైనా వ్రాస్తానని ఎదురుచూసిన వారు ఈ మాస్టారిని మన్నించాలి. ఈసారి నా తగవు పడవ కొనే పద్ధతితో.

మా అబ్బాయి అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండు సమీపాన ఉంటాడు. చేపల వేట నేర్వాలని సంకల్పించి, గాలి నింపే పాంటూన్ పడవ కొనదలచాడు. రెండు పొడవైన గాలిగొట్టాలు, నడుమ లోహపు చట్రం, దానిపై ఒక కుర్చీ, ఇరుపక్కలా తెడ్లు. గాలి తీసి, విడదీసి కారులో పెట్టుకోవచ్చు. పాంటూన్ అనగానే నాకు నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల నడుమ జనాన్నీ బండ్లనూ కలిపి దాటించిన పంటు గుర్తుకు వచ్చింది. ఇది ఆ పంటు కాదు. దీనికి కుర్చీ ఒక్కటే.

"ఇది 350 పౌండ్లు మోస్తుంది నాన్నగారూ. నేను 180, బాబు 60. ఇంకా 110 మిగులుతుంది" అన్నాడు. తొమ్మిదేళ్ల మనవణ్ణి వెనుకనున్న సామాను పలకపై కూర్చోబెడతాడట!

లెక్క ఒప్పే. తర్కమే తప్పు. పడవ ఎంత బరువుతో తేలుతుందో ఆ అంకె చెబుతుంది. ఆ బరువు ఎక్కడ కూర్చోవాలో, కదిలితే ఏమవుతుందో చెప్పదు. వెనుక బరువు పెరిగితే వెనుక భాగం కుంగి ముందు భాగం లేస్తుంది. చేప పడిందని పిల్లవాడు ఒక పక్కకు వంగితే ఆ గొట్టం మునుగుతుంది. పైగా లంగరూ, గాలాల పెట్టే, తడిసిన బట్టలూ ఆ లెక్కలో లేనే లేవు. ఒక్కరి కోసం చేసిన పడవ ఒక్కరిదే.

రెండవ వాదం ధర. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేదానికి చవకది చాలదా అని. నీటికి మనం ఎన్నిసార్లు వచ్చామన్న లెక్క ఉండదు నాయనా! ధర చూసే ముందు ఒక్కొక్క గొట్టంలో ఎన్ని గాలి అరలున్నాయో చూడు. ఉన్నది ఒక్కటే అయితే, ఏ మోడో గుచ్చుకున్ననాడు ఆ పక్కంతా కుంగిపోతుంది. అతుకులు, వాల్వులు, తెడ్లను పట్టి ఉంచే కొక్కేలు చూడు. ఎండలో ఒడ్డున బిగువుగా ఉన్న గొట్టం చన్నీటిలో దిగగానే మెత్తబడుతుంది, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది గనుక. అదే నింపిన పడవను ఎండలో వదిలేస్తే గాలి వ్యాకోచించి అతుకులు విచ్చుకోవచ్చు. తేలికైన ఈ పడవ నీటిపై ఎత్తుగా తేలుతుంది, ఎదురుగాలికి తేరగా దొరుకుతుంది. "నడి సరస్సు నుండి ఎదురుగాలిలో తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు రాగలనా?" అన్నది రంగు ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న.

మూడవది, అసలైనది, నీరు. వాళ్లింటికి దగ్గరలోని హాగ్ లేక్ ఒక జలాశయం. డెషూట్స్ నది సుళ్లూ రాళ్లూ ఉన్న ప్రవాహం. రెండింటికీ ఒకే పడవ, ఒకే నేర్పు చాలవు. డెషూట్స్ దిగువన అధిక భాగంలో పడవలో కూర్చుని గాలం వేయడమే నిషేధం. ఒడ్డుకు చేరి, దిగి వేయాలి. ముందు నీటిని ఎంచుకో, ఆ తరువాత పడవను ఎంచుకో.

"నాన్నగారిది మరీ భయం" అంటున్నాడట కోడలితో. కావచ్చు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిపై కచ్చులూరు దగ్గర ఒక విహారపు పడవ మునిగి పదులకొద్దీ కుటుంబాలు గుండెలవిసేలా ఏడ్చాయి. అది ఇంజను పడవ, ఇది గాలి పడవ. పోలిక పడవల మధ్య లేదు. సరదాకు వెళ్తున్నాం గదా, ఏమవుతుందిలే అన్న ధీమా మధ్య ఉంది.

పదమూడేళ్లలోపు పిల్లలు కదిలే పడవలో లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని అక్కడి చట్టం. పెద్దలకు చాలాచోట్ల పడవలో అందుబాటులో ఉంటే చాలు. నాకు చాలదు. నీటిలో పడ్డవాడు కుర్చీ కింద ఉన్న జాకెట్‌ను వెదికి తొడుక్కోలేడు. తండ్రి తొడుక్కోకపోతే కొడుకు పెద్దయ్యాక విప్పేస్తాడు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, వాళ్లు మన మాట కంటే మన చేత నేర్చుకుంటారని నాకు తెలుసు.

అబ్బాయి ఇంకా ఏదీ కొనలేదు. రెండు ఆసనాలున్న వెడల్పాటి పడవ ధర కనుక్కుంటున్నాడని నిన్న కోడలు చెప్పింది. ఆ అదనపు సొమ్ము నా పింఛనులో నుండి ఇస్తానన్నాను. నేను కొని పెడతానన్న పడవల్లో ఇది మొదటిది. వాడు కాదనకూడదని నా కోరిక.