అమ్మ కిటికీ దగ్గర నేర్పింది

ఈ పేజీలో సినిమా నటుని సంగతేమిటని మీలో కొందరు అడగవచ్చు. చార్లీ చాప్లిన్ గురించి చెప్పాలనుకున్నది ఆయన నవ్వుల కోసం కాదు, ఆయన తల్లి కోసం.

చాప్లిన్ 1889లో పుట్టి లండన్‌లో పెరిగారు. తల్లి హన్నా, తండ్రి చార్లెస్ ఇద్దరూ వేదికలపై పాడేవారు. తండ్రి తాగుడుకు బానిసై కుటుంబానికి దూరమయ్యాడు. తల్లి గొంతు పోయింది. కుట్టుపని చేస్తూ ఆమె సిడ్నీ, చార్లీలను సాకింది. తీరిక దొరికితే కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వెళ్లేవారి నడకను, ముఖకవళికలను అనుకరించి చూపేది. మనుషులను గమనించడం ఆమె దగ్గరే నేర్చుకున్నానని చాప్లిన్ రాశారు. జ్వరం నుండి కోలుకుంటున్న ఒక సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుని, క్రొత్త నిబంధన చదువుతూ, ప్రభువు బీదలపై చూపిన జాలిని నటించి చూపిందట! 1964లో అచ్చయిన ఆత్మకథలోనూ ఆ సాయంత్రాన్ని ఆయన మరువలేదు.

1896లో ముగ్గురూ లాంబెత్ వర్క్‌హౌస్‌లో, అంటే నిరుపేదల శరణాలయంలో చేరారు. లోపలికి వెళ్లగానే తల్లి ఒకవైపు, పిల్లలు మరొకవైపు. చార్లీకి ఏడేళ్లు. 1898లో మళ్లీ అదే గతి పట్టినప్పుడు తల్లి ఒక ఉపాయం చేసింది. ఇక వెళ్లిపోతామని చెప్పి పిల్లలను బయటికి తెచ్చింది. సిడ్నీ దగ్గరున్న తొమ్మిది పెన్నీలలో కొంతతో నల్ల చెర్రీపండ్లు కొని, పార్కులో కూర్చుని తిన్నారు. నలిపిన వార్తాపత్రికే బంతి. సాయంత్రం టీ వేళకు తిరిగి శరణాలయం తలుపు తట్టారు! అధికారులు మండిపడ్డారు. పాపం, ఆ తల్లికి ఒక్క పూట చాలు.

1903లో ఆమె మతి చలించగా, పద్నాలుగేళ్ల చార్లీయే ఆస్పత్రికి నడిపించుకు వెళ్లాడు. అప్పటికి తండ్రి కూడా లేడు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1908లో అన్న సిడ్నీ సాయంతో ఫ్రెడ్ కార్నో హాస్య బృందంలో చేరిక, 1910లో అమెరికా ప్రయాణం, 1914లో చిన్న టోపీ, చేతికర్ర, వదులు పంట్లాముతో తెరమీదికి. 1921లో వచ్చిన 'ది కిడ్'లో, పెంచుకున్న పసివాణ్ణి అనాథాశ్రమం వాళ్లు లాక్కుపోతుంటే ఆ బీదవాడు ఇళ్ల కప్పుల మీదుగా పరుగెత్తుతాడు. ఆ పరుగు ఎక్కడిదో మనకు ఇప్పుడు తెలుసు.

ఆ ఏడాదే కొడుకులు తల్లిని కాలిఫోర్నియాకు రప్పించుకున్నారు. 1928లో కన్నుమూసేవరకు ఆమె వారి దగ్గరలోనే ఉంది.