రచ్చబండ మీద ఎవరున్నారు?

తెలుగు వికీపీడియాలో సభ్యులు విధానాలు చర్చించుకునే పేజీకి రచ్చబండ అని పేరు. మంచి తెలుగు పేరే. పెట్టినవాళ్ళ మనసులో చెడు ఏమీ వుండి వుండదు. కానీ ఆ పేరు చూసినప్పుడల్లా నాకు అమ్మమ్మ వాళ్ళ వూళ్ళో రావిచెట్టు కింద అరుగు గుర్తొస్తుంది. ఆ అరుగు మీద ఆడవాళ్ళు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. తలవంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ తగువులు మాత్రం అక్కడే తీరేవి, వాళ్ళు లేకుండా.

ఈ స్వచ్ఛంద విజ్ఞాన సర్వస్వంలో తగాదాలు ఎలా తీరతాయని అడిగితే పాతకాపులు ‘ఏకాభిప్రాయంతో’ అంటారు. ఓట్ల లెక్క కాదట, వాదనలో బలం ముఖ్యమట. ఎదుటివారిది సదుద్దేశమేనని ముందు నమ్మాలట. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పుల్ని రద్దు చెయ్యకూడదట. వినడానికి బాగానే వుంది. అయితే ఆ ఏకాభిప్రాయం ఎవరిది? చివరిదాకా అక్కడ మిగిలినవారిది. వంటిల్లు సర్ది, పిల్లల చేత హోంవర్క్ చేయించి రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, సాయంత్రం ఆరింటి నుంచీ అక్కడే వున్న మనిషి చేతిలో ఓడిపోయేది వాదనలో కాదు, ఓపికలో. వికీమీడియా ఫౌండేషన్ 2011లో చేసిన సర్వేలో సంపాదకుల్లో స్త్రీలు పదిశాతం లోపే అని తేలింది.

నియమాలే పితృస్వామికం అని కొట్టిపారేసే మిత్రురాళ్ళతో నాకు పేచీ వుంది. 2018 మేలో ఇంగ్లీషు వికీపీడియాలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే భౌతికశాస్త్రవేత్త మీద రాసిన చిత్తుప్రతిని, ప్రాముఖ్యతను చూపే మూలాలు చాలవంటూ తిప్పికొట్టారు. అదే ఏడాది అక్టోబర్ 2న ఆమెకు నోబెల్ ప్రకటించారు. భౌతికశాస్త్రంలో ఆ బహుమతి పొందిన మూడో స్త్రీ ఆమె. ఆమెతోపాటు బహుమతి అందుకున్న గురువు జెరార్ మూరూకి అప్పటికే పేజీ వుంది. ఇంతవరకూ అందరం చెప్పుకున్నాం, కోపం తెచ్చుకున్నాం. చెప్పుకోనిది ఇంకొకటి వుంది. పెద్ద విద్వత్సంస్థకు అధ్యక్షులైనవారికి పేజీ వుండొచ్చని అక్కడి నియమాల్లోనే రాసి వుంది. ఆమె 2013లో ఆప్టికల్ సొసైటీ అధ్యక్షురాలు. అంటే నియమం ఆమె వైపే వుంది. దాన్ని తీసి చూపించే మనిషే ఆ పూట అక్కడ లేదు.

అదే 2013లో నవలా రచయిత్రి అమాండా ఫిలిపాచి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక సంగతి బయటపెట్టింది. ‘అమెరికన్ నవలాకారులు’ అనే వర్గంలోంచి ఒక్కొక్క స్త్రీనీ తీసి ‘అమెరికన్ మహిళా నవలాకారులు’లోకి పంపిస్తున్నారు. మిగిలిన మగవాళ్ళు ఉత్త నవలాకారులు! అలా వేరుచేసి పక్కన పెట్టకూడదని చెప్పే మార్గదర్శకమూ అక్కడ వుంది. మన సాహిత్య చరిత్రల్లో చివరి అధ్యాయంగా ‘రచయిత్రులు’ వచ్చి చేరడం చూసినవాళ్ళకి ఈ పని కొత్తగా అనిపించదు.

నా సంగతీ చెప్పాలి. పాతతరం రచయిత్రి ఒకరి పేజీలో ‘గొప్ప’ అనే మాట చేర్చి, ఆధారంగా అచ్చుకాని నా సిద్ధాంత వ్యాసం చూపించాను. ఎవరో తీసేశారు. మూడు రోజులు రగిలిపోయాను. పితృస్వామ్యం అన్న మాట నాలుగుసార్లు వచ్చేలా జవాబు కూడా రాసుకున్నాను. పంపేముందు నియమం చదివితే తెలిసింది, ‘గొప్ప’ నా అభిప్రాయం, మూలం నేనే. తీసెయ్యడం సబబే. డాక్టరేటు వుంది కదా అని చదవకుండానే తగువుకి దిగాను.

అయినా నా కోపం పూర్తిగా పోలేదు. తటస్థత అంటే అచ్చయిన మూలాల్లో ఏ అభిప్రాయానికి ఎంత చోటు వుంటే ఇక్కడా అంతే చోటు ఇవ్వడం అంటారు. తెలుగులో వందేళ్ళ విమర్శ ఎక్కువగా ఎవరు, ఎవరి గురించి రాశారు? ఆ తూకం రాళ్ళతోనే తూస్తూ తటస్థం అంటే ఎలా? భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నాటిది, గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. తొలి కథ ఏదన్న చర్చలో ఇవాళ అచ్చమాంబ పేరు వినబడుతోందంటే పాత పత్రికలు తిరగేసి, రాసి, అచ్చువేసినవాళ్ళ చలవే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా పుస్తకమయ్యాయి కాబట్టి మూలమయ్యాయి. అవే మాటలు అరుగు మీద చెబితే మూలం కావు. ఇది అన్యాయమే, దీని మీద పోట్లాడాల్సిందే. కానీ పోట్లాడుతూనే మనల్ని మనం అడుగుదాం. సెమినార్లలో చదివి బీరువాలో పడేసిన పత్రాలు మనలో ఒక్కొక్కరి దగ్గర ఎన్ని వున్నాయి? ‘మూలాలు లేవు’ అనే మాటలో మన వాటా ఎంత?

ఆ రచయిత్రి చర్చ పేజీకి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ‘గొప్ప’ లేదు, ఒక పాత పత్రికలో వచ్చిన సమీక్ష వుంది. గంటలోపే జవాబు వచ్చింది, సంచిక నెల, పుట సంఖ్య కావాలని. రేపు కాలేజీ అయ్యాక గ్రంథాలయానికి వెళ్తున్నాను. సాయంత్రం ఆరుకి మూసేస్తారు.